సముద్రం వైపు తిరిగిన బొమ్మ

గురువారం ఉదయం ఏడు గంటలకు కొత్త ఇంటి కప్పు మీద గడ్డిబొమ్మ కనిపించింది. ముందు చూసింది పనివాళ్ళకు వంట చేసే ఓర్ఫెలినా. పాల క్యాను పట్టుకుని వాలు దిగుతూ, కప్పు మీద మనిషి నిలబడ్డాడనుకుని "జారతావురా, దిగు!" అని కేకేసింది. జవాబు రాలేదు. దగ్గరికొచ్చి చూశాక క్యాను కింద పెట్టి గుమ్మం తట్టింది.

నాయారెత్ లోపల నిద్రపోతోంది. ఈ ఇంటి ఆర్కిటెక్టు ఆమే. ఇంట్లో పూర్తయిన గది ఒక్కటే. అందులో మంచం వేసుకుని శరదృతువు నుంచీ అక్కడే ఉంటోంది.

"ఏమైంది ఓర్ఫెలినా?"

"మీకు చుట్టమొచ్చిందమ్మా. పైకెళ్ళి పలకరించండి."

పైకెళ్ళడానికి నిచ్చెన అక్కర్లేదు. ఇంటిని కొండవాలులోకి దింపి కట్టారు. తవ్వేముందు పచ్చికను పలకలుగా కోసి పక్కన పెట్టి, దూలాలు వేశాక తిరిగి కప్పు మీద పరిచారు. రోడ్డు నుంచి చూస్తే గడ్డి, దాని వెనక సముద్రం. సముద్రం నుంచి చూస్తే గడ్డి, దాని కింద చూరు నీడ. నాయారెత్ గీసినప్పుడే అలా గీసింది. చిలోయే దీవిలో ఆ తీరాన ఇల్లు కట్టుకుంటున్నది రాజధాని సాంతియాగోలో ఉండే దంపతులు. మాకు ఇల్లు కావాలి గాని కొండ పాడవకూడదు అన్నారు వాళ్ళు. ఆమెకూ కావలసింది అదే.

బొమ్మ కర్రకు కట్టి ఉంది. గడ్డి కూరిన ప్యాంటు, పాత బూట్లు, పైన పసుపు రంగు వానకోటు. కోటు నాయారెత్‌ది. కిందటి వారం నుంచి కనిపించడం లేదు.

ఆ దీవిలో పుట్టినవాళ్ళకు ఆ బొమ్మ అర్థం చెప్పనక్కర్లేదు. ఇంటి దూలాలు నిలబడి పైకొన చేరిన రోజున కొనకు జెండా కడతారు. ఆ రోజు యజమాని గొర్రెపిల్లను కాల్చి పనివాళ్ళకు విందు పెట్టాలి. పెట్టకపోతే కప్పు మీదకు బొమ్మ ఎక్కుతుంది. దారిన పోయే బస్సులో వాళ్ళందరూ చూసి ఎవరిదా పిసినారి ఇల్లు అని అడుగుతారు.

శరత్తులో యజమాని ఫోన్లో అడిగాడు, విందేదో పెట్టాలటగా అని. "ఈ ఇంటికి కొన లేదు, అక్కర్లేదు" అంది నాయారెత్. అన్న మాట నిజమే. దూలాలను ఒక్కొక్కటిగా గట్టులోకి దోపుకుంటూ పోయారు. ఏ రోజూ ఇదీ కొన చేరిన రోజు అని చెప్పడానికి లేకపోయింది. పనివాళ్ళు ఎవరూ నోరెత్తలేదు. ఆమె కూడా దీవి పిల్లే, వడ్రంగి కూతురే, ఆమెకు ఒకరు చెప్పాలా అనుకుని ఉంటారు.

కర్రకు తాడు కట్టిన తీరు చూసింది. పడవ కట్టే ముడి. కొసను రెండుసార్లు లోపలికి దోపి ఉంది. ఇంటి ముందరి సముద్రపు పాయకు ఈ ఒడ్డున గాని ఆ ఒడ్డున గాని అలా దోపేది ఒక్కడే. అతను సోఫనోర్ చిగ్వాయ్, ఈ పనికి పెద్ద మేస్త్రీ, ఆమె తండ్రి.

ఆమె బొమ్మను ముట్టుకోలేదు. కిందికి దిగివచ్చి మొహం కడుక్కుంది.

*

ఎనిమిదింటికి సోఫనోర్ పడవ వచ్చింది. అతని ఇల్లు పాయకు అవతలి ఒడ్డున ఉంది. రోజూ తెడ్లు వేసుకుని వస్తాడు, చీకటి పడకముందే వెళ్ళిపోతాడు. పడవ లాగి రాయికి కట్టి, సరాసరి గుమ్మం పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. ఆ గోడకు చెక్క పెంకులు వేస్తున్నాడు. కింది వరుస మీద పై వరుస సగానికి పైగా ఎక్కాలి, రెండు వరుసల అతుకులు ఒకదాని కిందకొకటి రాకూడదు. మేకులు గుప్పెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

నాయారెత్ వెళ్ళి పక్కన నిలబడింది.

"నాన్నా, పైన బొమ్మ చూశావా?"

అతను ఒక మేకు పెదవుల మధ్య నుంచి తీసి కొట్టాడు. ఇంకొకటి తీశాడు.

"చూశా."

"ఎవరు పెట్టారో?"

"విందు తినని వాళ్ళు."

పక్కన చెక్కలు చీలుస్తున్న ఎలియేసెర్ తల ఎత్తకుండా అన్నాడు. "దానికి కాళ్ళున్నాయి కదా ఆర్కిటెక్టమ్మా, నడిచొచ్చుంటుంది. నిచ్చెన కూడా అక్కర్లేని కప్పాయె. గొర్రెలే ఎక్కుతున్నాయి."

నిజంగానే రెండు గొర్రెలు కప్పు అంచున మేస్తున్నాయి. మిగతావాళ్ళు నవ్వారు. సోఫనోర్ నవ్వలేదు.

"తప్పు నాది," అంది నాయారెత్, అందరికీ వినబడేట్టు. "యజమాని అడిగాడు. నేనే వద్దన్నాను. శనివారం విందు. గొర్రెపిల్ల, ఆపిల్ కల్లు, అన్నీ."

"రెండు గొర్రెపిల్లలు," అన్నాడు ఎలియేసెర్. "ఆలస్యానికి ఒకటి."

"రెండు."

"అదీ మాట! మేస్త్రీ, నీ కూతురు మన మనిషే."

సోఫనోర్ మేకు కొట్టాడు.

ఆమె ఇంకా అక్కడే నిలబడింది. అడగవలసింది బొమ్మ గురించి కాదు. నెలాఖరుకు పని అయిపోతుంది. ఆ తరువాత సాంతియాగోలో అద్దె గది, ఆఫీసు. వెనక్కి వెళ్ళకుండా ఉండాలంటే ఉండడానికి నేల కావాలి. తండ్రి పొలంలో, ఇంటికి పైన అర్రయాన్ చెట్ల కింద పల్లంగా ఒక గుంట ఉంది. దుంపలు వేయని నేల, ఉత్తరపు గాలి తగలని నేల. అక్కడ తనకోసం ఒక చిన్న ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఎన్నోసార్లు గీసుకుంది. అడగడం ఒక్కటే మిగిలింది. సోఫనోర్ ఏ మాటకైనా ఒకేసారి జవాబు చెబుతాడు. కాదన్నాడంటే మళ్ళీ అడగడానికి ఉండదు.

పని మొదలైన రోజు నుంచీ అతను ఈ ఇంటిని దుంపల పాతర అనే అంటున్నాడు. "పాతరలో నీళ్ళు ఎటు పోతాయి?" "పాతరకు ఈ కిటికీ ఎందుకు?" అడిగిన పని అడిగినట్టు చేశాడు. గోడ ఒక్కటీ వంకర పోలేదు. కాని మధ్యాహ్నం తిండికి అందరూ లోపల కూర్చుంటే, అతను మాత్రం బయట చెక్కల కుప్ప మీద కూర్చుని తినేవాడు. ఇది ఇల్లే కాదనుకునే మనిషిని, ఇలాంటిదే నీ నేలలో ఇంకొకటి కట్టుకుంటానని ఎలా అడగాలి?

"ఏమన్నా పనుందా?" అన్నాడు సోఫనోర్, మేకుల మధ్య నుంచి.

"లేదు."

"ఐతే వెలుతురు వదులు. అడ్డంగా ఉన్నావ్."

ఆమె పక్కకు జరిగింది.

*

శుక్రవారం ఆమె యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అతను నవ్వాడు. తరువాత "బస్సులో వాళ్ళంతా నన్ను తిట్టుకున్నారా?" అని అడిగాడు. కోటు తనదని, తిట్లు తనకేనని ఆమె చెప్పింది. విందు బాగా చేయమని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం బొమ్మను దించుదామని కప్పు మీదికి వెళ్ళబోతే ఓర్ఫెలినా అడ్డం వచ్చింది.

"నిప్పు మీద మాంసం పడకుండా దించకూడదమ్మా. మరిచిపోయారా? దించాల్సింది కూడా ఎక్కించినవాళ్ళే. మీరు ముట్టుకుంటే ఇంకోటి లేస్తుంది, దానికి మీ స్కర్టు తొడుగుతారు."

"నాకు స్కర్టు లేదు."

"కుట్టించి మరీ తొడుగుతారు."

ఆ సాయంత్రం ఆమె లోపల పెద్ద గదిలో నేల తుడిచింది. గది పొడవునా కిటికీ అద్దం. అద్దం ముందు చూరు బాగా ముందుకు వచ్చి ఉంది. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు కింద బురద మేటలో వేల మైళ్ళ ఉత్తరం నుంచి వచ్చే పొడుగు ముక్కు పిట్టలు దిగుతాయి. రాత్రి ఇంటి వెలుతురు వాటి మీద పడకూడదని ఆమె చూరును అంత పొడుగు చేసింది. దీపం వేసి బయటికి వెళ్ళి, రాళ్ళ దాకా దిగి వెనక్కి తిరిగి చూసింది. కొండ చీకటిగా ఉంది. ఎక్కడా వెలుతురు లేదు. పిట్టలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి.

అవతలి ఒడ్డున తండ్రి వంటింటి దీపం కనిపిస్తోంది. ఆమె ఆ వెలుతురును చూస్తూ చలి పట్టేదాకా నిలబడింది.

*

శనివారం ఉదయం గొర్రెపిల్లలను ఇనుప కడ్డీలకు గుచ్చి నిప్పుకు వంచి పాతారు. ఓర్ఫెలినా దుంపలు తురిమి, గుడ్డలో పిండి, మిల్కావ్ రొట్టెలు చేసింది. కప్పుకు కొన లేదు గనక జెండాను ఎలియేసెర్ పొగగొట్టానికి కట్టాడు. "ఇదే కొన," అన్నాడు. "కాదన్నవాడికి మాంసం లేదు." ఎవరూ కాదనలేదు.

పదకొండింటికి వాన మొదలైంది. పళ్ళాలు, కల్లు కుండ పట్టుకుని అందరూ పెద్ద గదిలోకి వచ్చారు. బూట్లు గుమ్మం దగ్గర విప్పారు. నెలల తరబడి బూట్లతో తిరిగిన నేల మీద ఆ రోజు మేజోళ్ళతో నడిచారు. ఎలియేసెర్ అద్దం దగ్గర నిలబడి వాన చూస్తూ, "అబ్బ, తడవకుండా తడుస్తున్నట్టుంది" అన్నాడు.

సోఫనోర్ రాలేదు. నిప్పు మీద టార్పాలిన్ కట్టుకుని దాని కింద కూర్చున్నాడు. నాయారెత్ పళ్ళెం తీసుకుని వెళ్ళింది.

"లోపలికి రా నాన్నా."

"మాంసం మాడుతుంది."

"మాంసం అయిపోయింది."

"నిప్పుంది."

ఆమె అతని పక్కన కర్రమొద్దు మీద కూర్చుంది. టార్పాలిన్ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతను ఎముక మీద మాంసాన్ని కత్తితో కోసి, పెద్ద ముక్క ఆమె పళ్ళెంలో వేశాడు. చిన్నది తను తిన్నాడు. ఇప్పుడు అడగాలి అనుకుంది. నోట్లో మాంసం నమిలింది, మింగింది, మళ్ళీ నమిలింది.

"విందు సరిపోయిందా?" అంది చివరికి.

"ఉప్పు తగ్గింది."

ఎలియేసెర్ తలమీద సంచి కప్పుకుని బయటికి వచ్చాడు. "మేస్త్రీ! తిన్నాం, తాగాం. ఇక బొమ్మను దించేస్తున్నా."

"ఉండనీ," అన్నాడు సోఫనోర్.

"ఉండనీ ఏంటి? మాంసం పడింది కదా కడుపులో. ఇంకా ఉంచితే ఆర్కిటెక్టమ్మకు అన్యాయం."

"ఉండనీ అన్నాను."

ఎలియేసెర్ ఆమె వైపు చూసి భుజాలు ఎగరేశాడు. సోఫనోర్ లేచి, నిప్పు మీద చెక్క వేసి, పడవలో నీళ్ళు నిండుతాయంటూ ఒడ్డుకు వెళ్ళాడు. వాన కాస్త తగ్గగానే తెడ్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

నాయారెత్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. "అంత కోపమా ఆయనకి?"

"నాకేం తెలుసు?" అన్నాడు ఎలియేసెర్. "అసలు బొమ్మ సంగతే వింత. పెడదాం అన్నది మేమే, కాదన్లేదు, సరే అన్నాడు, మీ కోటు కూడా ఆయనే తెచ్చాడు. కాని రోడ్డు వైపు తిప్పాలి కదా బొమ్మని? అందరూ రోడ్డు వైపే తిప్పుతారు, సిగ్గు పడేది అప్పుడేగా. ఈయన సముద్రం వైపు తిప్పాడు. 'ఏంటి మేస్త్రీ, చేపలకు చూపిస్తున్నావా?' అన్నాను. నోరు విప్పితే ఒట్టు. రెండుసార్లు పడవెక్కి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, కర్రని ఇంకాస్త పైకి జరిపాడు."

*

ఆదివారం ఆమె వ్యాను తీసుకుని పాయ చుట్టూ తిరిగి తండ్రి ఇంటికి వెళ్ళింది. పని మొదలయ్యాక అక్కడికి వెళ్ళింది తక్కువ. వెళ్ళినా గుమ్మంలో నిలబడి మాట్లాడి వచ్చేది. తలుపు తీసింది తండ్రి అక్క ఓర్తెన్సియా. ఆ ఇంట్లో ఆ ఇద్దరే ఉంటారు.

"రావే, రా. ఇంటి దారి ఇంకా గుర్తుందే! కోటేది? ఓహో, నీ కోటుకు ఉద్యోగం దొరికింది కదా."

"నాన్న ఏడి అత్తా?"

"గొర్రెల దగ్గర. కూచో. ఊరికే కూచోకు, ఈ దుంపలు చెక్కు తియ్."

పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి. కిటికీ దగ్గర ఒక కుర్చీ ఉంది. వెలుతురు అక్కడే ఉందని నాయారెత్ అందులో కూర్చుంది. దుంప చేతిలోకి తీసుకుని తలెత్తింది.

కిటికీలో పాయ, పాయ అవతల కొండ. కొండ మీద పచ్చిక, పొదలు, మళ్ళీ పచ్చిక. ఇల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు గనక వెతికింది. ఆమె గీసిన చోట, ఆమె కట్టించిన చోట ఏమీ లేదు. పచ్చిక మధ్యలో పసుపు రంగు చుక్క ఒకటి ఉంది. అంతే.

కత్తి దుంప మీద ఆగిపోయింది.

"అది మీ నాన్న కుర్చీ," అంది ఓర్తెన్సియా. "చూసి చూసి అద్దం అరిగిపోయింది. శరత్తు నుంచీ రోజూ ఇదే గోల. చీకటి పడగానే అడుగుతాడు, అక్కా నీ కళ్ళు మంచివి కదా, అటు వెలుగేమన్నా కనిపిస్తోందా అని. లేదురా అంటాను. ఐతే పడుకుందిలే అంటాడు. ఆరింటికే పడుకుంటుందా మనిషి?"

"వెలుతురు బయటికి రాకుండా చూరు పెట్టాను అత్తా. కింద పిట్టలు ఉంటాయి, వాటికి ఇబ్బంది."

"పిట్టలకు కనపడకూడదు, సరే. మాక్కూడా కనపడకూడదా?"

నాయారెత్ మళ్ళీ ఆ పసుపు చుక్క వైపు చూసింది.

"ఇప్పుడు నాలుగు రోజుల నుంచీ కొంచెం నయం," అంది ఓర్తెన్సియా, గిన్నెలో నీళ్ళు పోస్తూ. "పొద్దున్నే లేచి అక్కడ కూచుని, ఉంది అంటాడు. మాతే టీ తాగుతాడు, పనికి పోతాడు. గడ్డిబొమ్మని చూసి సంతోషించే మగాణ్ణి నా ఒక్క తమ్ముణ్ణే చూశాను."

సోఫనోర్ వెనక తలుపు నుంచి లోపలికి వచ్చాడు. టోపీ తీసి నీళ్ళు దులిపాడు. కుర్చీలో కూతుర్ని చూసి ఆగాడు.

ఆమె లేవబోయింది.

"కూచో," అన్నాడు.

అతను పొయ్యి పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఓర్తెన్సియా పులుసు వడ్డించింది. దుంపలు ఉడకలేదని అతనన్నాడు. ఉడికినవి తినాలంటే నీ కూతురు చెక్కు తీయడం నేర్చుకోవాలి, ఒక్కో దుంపకు ఒక్కో ఆదివారం పడుతోంది అని ఓర్తెన్సియా అంది. ముగ్గురూ తిన్నారు. తిన్నాక సోఫనోర్ రొట్టె ముక్కతో పళ్ళెం తుడుస్తుండగా నాయారెత్ అడిగింది.

"నాన్నా, అర్రయాన్ చెట్ల కింద గుంట ఉంది కదా. అది నాకిస్తావా? ఇల్లు కట్టుకుంటాను. ఉండటానికే."

ఓర్తెన్సియా గరిట చప్పుడు ఆగింది. సోఫనోర్ పళ్ళెం తుడవడం పూర్తిచేసి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు.

"అక్కడా పాతరేనా?"

"వాలుని బట్టి కడతాను. నేలలోకి దిగితే వెచ్చగా ఉంటుంది."

"గాలి తగలదు," అన్నాడు. "మంచి చోటే. మా నాన్న ఈనిన గొర్రెల్ని అక్కడే కట్టేవాడు."

"అవును."

"ఇక్కణ్ణుంచి కనపడదు."

ఆమె కిటికీలోంచి పక్కగా, పొలం వాలు పైకి చూసింది. చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి. గుంట కనిపించడం లేదు. తను గీసిన ఏ కాగితంలోనూ ఈ కిటికీ లేదు.

"ఎక్కడైతే కనపడుతుంది?" అంది.

సోఫనోర్ లేచాడు. పొయ్యి వెనక కట్టెల్లోంచి కంచెకు చెక్కిన గుంజ ఒకటి తీశాడు. మొన వేలితో చూశాడు. గోడకున్న సుత్తితో కలిపి ఆమెకు ఇచ్చాడు.

"వెళ్ళి నిలబడు."

ఓర్తెన్సియా తన శాలువా తీసి ఆమె తల మీద వేసింది. నాయారెత్ వానలో వాలు ఎక్కింది. ముందు గుంటలో నిలబడింది. అక్కడ గాలి లేదు. ఆకుల మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఇంటి వైపు చూస్తే కప్పు కనిపించింది, కిటికీ కనిపించలేదు. గట్టు ఎక్కింది. అప్పుడు కిటికీ, అందులో కుర్చీలో కూర్చున్న తండ్రి, అతని భుజం వెనక అత్త కనిపించారు.

అతను చేత్తో ఎడమకు అన్నాడు. ఆమె ఎడమకు జరిగింది. అత్త వెనక నుంచి కుడికి అంది. అతను తిరిగి ఏదో అన్నాడు, అత్త చెయ్యి దించేసింది. మళ్ళీ ఎడమకు. ఇంకా పైకి. చెట్ల చాటు దాటింది. ఉత్తరపు గాలి శాలువాను లాగింది, ఆమె దాన్ని గడ్డం కింద ముడి వేసుకుంది. ఇంకొక అడుగు వేసింది.

అతను అరచెయ్యి ఎత్తాడు.

ఆమె గుంజను కాళ్ళ దగ్గర ఆనించింది. కిటికీ వైపు మళ్ళీ చూసింది. చెయ్యి అలాగే ఉంది. మధ్యాహ్నం రెండు గంటల వేళ, గాలి నేరుగా తగిలే ఆ చోట, ఆమె గుంజ పాతింది.